తూటాల కరువు: కొని దాచాలా, ఆగాలా, వేరే దారి చూసుకోవాలా?

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వారం అమెరికాలో ఇండియన్ స్టోర్ల దగ్గర ఏం జరిగిందో ఇక్కడున్న తెలుగువాళ్లు మరిచిపోయి ఉండరు. సోనా మసూరి కోసం క్యూలు, కారు డిక్కీల్లో ఐదేసి ఆరేసి బస్తాలు, "కుటుంబానికి ఒక్కటే" అని కౌంటర్ దగ్గర కాగితాలు. అప్పటికి అమెరికాలో బియ్యం ఏమీ అయిపోలేదు. నెలకో బస్తా కొనే ఇల్లు ఒక్కరోజులో ఆరు నెలల బియ్యం కొనేసింది, అంతే. సరదాకి షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకీ కాల్చేవాళ్లకి తూటాల కరువు వచ్చేది కూడా సరిగ్గా ఇలాగే.

టెక్సస్, జార్జియా, నార్త్ కరొలైనా లాంటి రాష్ట్రాల్లో స్థిరపడ్డ మనవాళ్లలో రేంజ్ అలవాటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పుకారు లేచిన ప్రతిసారీ వాట్సాప్‌లో అదే ప్రశ్న: "9 ఎంఎం దొరకట్లేదట, ఎంతైనా సరే కొనేయమంటారా?" 9 ఎంఎం అంటే పిస్టల్‌లో ఎక్కువగా వాడే తూటా. నా జవాబు ముందే చెప్పేస్తాను. కరువు మొదలయ్యాక ఎగబడి కొనడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. మార్కెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో మీ వాడకానికి సరిపడా కొనుక్కోవాలి, కరువు వచ్చినప్పుడు సాధన చేసే పద్ధతి మార్చుకోవాలి. ఎందుకలా అంటున్నానో, ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుందో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు వీసా సంగతి

ఇది తేలకుండా మిగతాది చదివి లాభం లేదు. హెచ్‌1బి, హెచ్‌4, ఎల్‌1, ఎఫ్‌1, బి2 ఇవన్నీ నాన్‌ఇమిగ్రంట్ వీసాలు. వీటి మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో ఇమిగ్రేషన్ లాయర్ చెప్పాలి, రేంజ్‌లో కౌంటర్ వెనకున్న అబ్బాయి కాదు. ఒక్క బాక్సు తూటాలు కొన్నా ఈ చట్టం కిందికే వస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు.

మన ఇళ్లలో దీనివల్ల రెండుచోట్ల చిక్కు వస్తుంది. మొదటిది, భర్తకి గ్రీన్‌కార్డు వచ్చి భార్య ఇంకా హెచ్‌1బి లాంటి సొంత వీసా మీద ఉన్న ఇల్లు. అక్కడ తుపాకీ, తూటాలు రెండూ తాళంలో ఉండాలి, తాళంచెవి అర్హత ఉన్న మనిషి దగ్గరే ఉండాలి. రెండోది, ఇండియా నుంచి బి2 మీద వచ్చిన నాన్నగారినో బావగారినో సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి, చేతికిచ్చి నాలుగు రౌండ్లు కాల్చమనడం. అద్దె తుపాకీ అయినా చేతిలోకి తీసుకుంటే అది చట్టం దృష్టిలో దగ్గర పెట్టుకోవడమే. ఫోటో కోసం అంత ప్రమాదం కొనితెచ్చుకోకండి.

ఎయిర్ గన్‌లో తుపాకీ మందు పేలదు, గాలి ఒత్తిడితోనే పెల్లెట్ అనే చిన్న గుండు పోతుంది. కాబట్టి ఫెడరల్ చట్టం దాన్ని ఫైర్‌ఆర్మ్‌గా లెక్కించదు. వీసా మీదున్నవాళ్లకి అందుబాటులో ఉన్న దారి ఇదే. అయితే న్యూజెర్సీలో ఎయిర్ గన్‌ని కూడా తుపాకీ కిందే చూస్తారు, చాలా ఊళ్లలో నగర పరిధిలో ఎయిర్ గన్ కాల్చడం మీద సొంత నిబంధనలుంటాయి. మీ సిటీ వెబ్‌సైట్ చూసుకుని మొదలుపెట్టండి.

కరువు ఎందుకొస్తుంది, ఎలా పోతుంది

2012 డిసెంబర్ 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ ఎలిమెంటరీ స్కూల్లో ఇరవై మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాత కొత్త చట్టాలు వస్తాయన్న మాట బయల్దేరింది. తుపాకుల అమ్మకాలు ఎగబాకాయి, వాటి వెంట తూటాలూ మాయమయ్యాయి. అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలింది .22 ఎల్‌ఆర్‌కి, అంటే అన్నిటికంటే చవకైన, పిల్లలూ కొత్తవాళ్లూ నేర్చుకునే చిన్న తూటాకి. వాల్‌మార్ట్ మనిషికి రోజుకి మూడు బాక్సులే అని పరిమితి పెట్టింది. పొద్దున్నే ట్రక్కు వచ్చే వేళకి వెళ్లి, వచ్చినవన్నీ కొనేసి, శనివారం గన్ షోలో రెండింతలకి మూడింతలకి అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. .22 మళ్లీ మామూలుగా అరల్లో కనపడటానికి రెండుమూడేళ్లు పట్టింది.

ఆ రోజుల్లోనే ఇంకో పుకారు తిరిగింది: హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ కోట్లకొద్దీ తూటాలు కొని మార్కెట్ ఖాళీ చేస్తోందని. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ దీని మీద విచారించి 2014లో నివేదిక ఇచ్చింది. ఆ శాఖ కొనుగోళ్లు పెరగలేదు సరికదా, తగ్గుతున్నాయని అందులో తేలింది. తూటాలు తీసుకుపోయింది ప్రభుత్వం కాదు, మనలాంటి కొనుగోలుదారులే.

2016లో ఎన్నికల తర్వాత తుపాకుల మీద ఆంక్షలొస్తాయన్న భయంతో మళ్లీ కొన్నారు. ఫలితం ఇంకోలా వచ్చేసరికి భయం పోయింది, అమ్మకాలు పడిపోయాయి. 2018 మార్చిలో, రెండు శతాబ్దాల చరిత్ర ఉన్న తుపాకుల కంపెనీ రెమింగ్టన్ దివాలా పిటిషన్ వేసింది. 2020 జులైలో రెండోసారి వేసింది. కొవిడ్ కాలంలో జనం తూటాల కోసం ఎగబడుతున్న రోజుల్లోనే ఆర్కెన్సాలోని లోనోక్‌లో ఉన్న వాళ్ల తూటాల ఫ్యాక్టరీ చేతులు మారే దశలో ఉంది. దాన్ని ఆ ఏడాది చివర్లో విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీ కొనుక్కుంది. అప్పటికే ఫెడరల్, సీసీఐ అనే తూటాల బ్రాండ్లు కూడా విస్టావే.

2020 లెక్క చూస్తే కరువు ఎంత సులువుగా పుట్టిందో అర్థమవుతుంది. తుపాకుల పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ అంచనా ప్రకారం ఆ ఏడాది మొదటిసారి తుపాకీ కొన్నవాళ్లు 84 లక్షల మంది. ఒక్కొక్కరు యాభై రౌండ్ల బాక్సులు రెండే కొన్నారనుకోండి. 84 కోట్ల తూటాలు అదనంగా కావాలి. ఇక పాతవాళ్లు కూడా కంగారుపడి నాలుగింతలు కొంటే ఏ ఫ్యాక్టరీ తట్టుకుంటుంది? తుపాకుల విషయంలో ఎఫ్‌బీఐ చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌ల సంఖ్య 2019లో 2.84 కోట్లు, 2020లో 3.97 కోట్లు. 9 ఎంఎం రౌండు, అంటే ఒక్కో తూటా, అంతకుముందు 18, 20 సెంట్లు ఉండేది. 2020 చివర, 2021 మొదట్లో 60, 70 సెంట్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పలికింది.

ఫ్యాక్టరీలు ఇంకో లైను పెట్టి ఉత్పత్తి పెంచొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అసలు ఇరుకంతా ప్రైమర్ దగ్గర ఉంది. తూటా అడుగున ఉండే ఆ చిన్న టోపీలో దెబ్బ తగిలితే మండే రసాయనం ఉంటుంది. దాన్ని తయారుచేయడం ప్రమాదకరమైన పని, చేయి తిరిగిన మనుషులే చేయాలి. అమెరికాలో పెద్ద ఎత్తున ప్రైమర్లు చేసే పేర్లు నాలుగే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. .22 సంగతి మరీ వేరు. దానికి విడిగా ప్రైమర్ ఉండదు, రసాయనం అంచులోనే నింపుతారు. అందుకని .22 యంత్రాలు ఇంకే తూటాకీ పనికిరావు, ఇతర యంత్రాలు .22కి పనికిరావు. మూడేళ్లకోసారి అమ్మకాలు కుప్పకూలే వ్యాపారంలో కోట్లు పోసి కొత్త లైను పెట్టడానికి ఎవరూ తొందరపడరు. రెమింగ్టన్ గతి అందరూ చూశారు.

దీనికి తోడు 2021 ఆగస్టులో అమెరికా విదేశాంగ శాఖ, ప్రతిపక్ష నేత నవాల్నీ మీద విషప్రయోగం వ్యవహారంలో రష్యా మీద ఆంక్షలు ప్రకటించి, రష్యన్ తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఆపేసింది. టూలా, బర్నౌల్ లాంటి చవక స్టీల్ కేసు (ఉక్కు షెల్లు) తూటాలు అలా క్రమంగా కనుమరుగయ్యాయి. ఏకే రకం రైఫిళ్లలో వాడే 7.62×39 ధర ఆ దెబ్బకి పెరిగి, పాత స్థాయికి మళ్లీ రాలేదు. మిగతావి మాత్రం దిగొచ్చాయి. ఆ తర్వాతి ఏళ్లలో 9 ఎంఎం సుమారు పాతిక సెంట్ల చుట్టూ, .22 ఏడెనిమిది సెంట్ల చుట్టూ తిరిగాయి. కరువు వచ్చిన ప్రతిసారీ జరిగింది ఇదే. 70 సెంట్లు పెట్టి వెయ్యి రౌండ్లు కొన్న మనిషి ఏడాదిన్నర ఆగి ఉంటే దాదాపు నాలుగొందల డాలర్లు మిగిలేవి. పైగా ఆ వెయ్యిలో చాలా మటుకు అలమరలోనే ఉండిపోయి ఉంటాయి.

మీరు నెలకి ఎన్ని కాలుస్తారు?

ఎంపికలన్నీ ఈ సంఖ్య మీదే నిలబడతాయి. నెలకి రెండుసార్లు రేంజ్‌కి వెళ్లి వెళ్లినప్పుడల్లా వంద రౌండ్లు కాల్చే మనిషికి ఏడాదికి 2,400 కావాలి. పాతిక సెంట్ల చొప్పున 600 డాలర్లు. కరువులో 70 సెంట్లకి అదే 1,680. ఏడాదికి మూడుసార్లు, అదీ స్నేహితులు పిలిస్తే వెళ్లే మనిషికి 300 చాలు. ఈ రెండో మనిషి ఐదువేల రౌండ్లు దాచుకుంటే పదహారేళ్లకి సరిపడా సరుకు అన్నమాట. "ఉంటే మంచిదే కదా" అంటారు. అక్కడ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లకి ఒక బాక్సు దొరకట్లేదు. జూనియర్ జట్లు, 4-హెచ్ లాంటి పిల్లల క్లబ్బులు ప్రతి కరువులోనూ ఇబ్బంది పడతాయి.

ఎంపికలు ఒక్కొక్కటిగా

*కరువులోనే ఎంతైనా పెట్టి కొనడం.* ఇది సమంజసం అనిపించే సందర్భాలు తక్కువ. నమోదు చేసుకున్న పోటీ దగ్గరపడితే, వేట సీజన్ మొదలవుతూ రైఫిల్‌కి ఇరవై రౌండ్లు కావాల్సి వస్తే కొనండి. ఆత్మరక్షణ కోసం తుపాకీ ఉంచుకున్నవాళ్ల దగ్గర ఆ తూటాలే లేకపోతే ఒకటి రెండు బాక్సులు కొనండి. అంతకుమించి వద్దు. ముఖ్యంగా ఎవరో ఇంట్లో మళ్లీ నింపిన తూటాలను జిప్‌లాక్ సంచిలో పోసి అమ్మితే ఎంత చవకైనా ముట్టుకోకండి. మందు ఒకటికి రెండింతలు పడిన రౌండు తుపాకీని, చేతిని కూడా పాడుచేస్తుంది.

*నెమ్మది రోజుల్లో కొంచెం కొంచెంగా కొనడం.* నేను అందరికీ చెప్పేది ఇదే. రేంజ్‌లో రెండు బాక్సులు కాల్చి వస్తే మూడు కొనండి. ఆరు నెలల వాడకం పోగయ్యాక అదనం మానేసి, కాల్చినన్నే తిరిగి నింపండి. ఏడాదికి 2,400 కాల్చే మనిషికి 1,200 రౌండ్ల నిల్వ అంటే 300 డాలర్ల పెట్టుబడి. వాడకం సగానికి తగ్గించుకుంటే ఏడాది వస్తాయి. ఏడాదిలో చాలా కరువులు సద్దుమణుగుతాయి, లేదా కనీసం కంగారు తగ్గి ధర దిగడం మొదలవుతుంది. .22కి మాత్రం ఇంకాస్త ఎక్కువ ఉంచుకోమంటాను. అది చవక, తేలిక, 2013 కరువులో చివర్లో తిరిగొచ్చిందీ అదే.

*ఆన్‌లైన్‌లో వెయ్యి రౌండ్ల కేసు.* రౌండుకి రెండుమూడు సెంట్లు తగ్గుతుంది, కానీ షిప్పింగ్ కలిపి లెక్క వేయండి. 9 ఎంఎం వెయ్యి రౌండ్లంటే పన్నెండు కిలోల పైమాటే, రవాణా ఛార్జీ దానికి తగ్గట్టే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి, అందరికీ చట్టపరమైన అర్హత ఉంటే, ఒకే ఆర్డరు పెట్టుకోవడం లాభం. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి, న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి తూటాలకి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ అమలైంది. ఈ చట్టాల మీద కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి కాబట్టి ఆర్డరు పెట్టేముందు ఆ వారం పరిస్థితి కనుక్కోండి. ఇల్లినాయ్, న్యూజెర్సీల్లో ముందు రాష్ట్రం ఇచ్చే కార్డు ఉండాలి.

చవక తూటాలు కొనేముందు ఒక చిన్న పని చేయండి. ఫ్రిజ్‌కి అంటించే మామూలు అయస్కాంతం తీసుకెళ్లి తూటా కొనకి ఆనించండి. అతుక్కుంటే లోపల ఉక్కు ఉందన్నమాట, లేదా పైన రాగిపూత కింద ఉక్కు పొర ఉంది. చాలా ఇండోర్ రేంజ్‌లు వీటిని రానివ్వవు. వెనక గోడ పాడవుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. కౌంటర్ దగ్గర వాళ్లూ ఇలాగే అయస్కాంతం పెట్టి చూస్తారు. వెయ్యి రౌండ్లు కొన్నాక తెలిస్తే కాల్చడానికి చోటే ఉండదు. అలాగే అద్దె తుపాకీ వాడితే తమ దగ్గర కొన్న తూటాలే కాల్చాలని చాలా రేంజ్‌ల నియమం. సొంత తుపాకీ లేనివాళ్లు నిల్వ చేసుకోవడంలో అర్థమే లేదు.

*.22కి మారడం.* 9 ఎంఎం పిస్టల్‌కి దగ్గరగా ఉండే .22 పిస్టల్ ఒకటి కొనుక్కుంటే పట్టు, గురి, ట్రిగ్గర్ నొక్కే తీరు అన్నీ రౌండుకి ఏడెనిమిది సెంట్లలో సాధన చేయొచ్చు. నెలకి 200 రౌండ్లలో 150 వీటితో, 50 మాత్రం 9 ఎంఎంతో కాలిస్తే ఏడాదికి 600 డాలర్ల ఖర్చు 300కి దిగుతుంది. మూడు నాలుగొందల డాలర్ల పిస్టల్ ఏడాది, ఏడాదిన్నరలో తన ఖరీదు తానే తెచ్చుకుంటుంది. పేలినప్పుడు చేతికి తగిలే దెబ్బ తక్కువ కాబట్టి కొత్తవాళ్లకి ఉలికిపాటు అలవాటు కాదు. నష్టం ముందే చెప్పాను: 2013 కరువులో ఎక్కువ దెబ్బ తిన్నది ఇదే.

పోటీలకి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. ఎలీ, లపువా, ఆర్‌డబ్ల్యూఎస్ లాంటి మ్యాచ్ తూటాలు కొంటే ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి, కొనండి. ఒకే కంపెనీ, ఒకే పేరు, లాట్ మారితే 50 మీటర్ల దగ్గర కాగితం మీద తూటాలు పడే గుంపు మారిపోతుంది. నాలుగు లాట్లు తలో బాక్సు కాల్చి చూసి, మీ రైఫిల్‌కి నచ్చిన లాట్‌లో సీజన్‌కి సరిపడా ఒకేసారి తీసుకోవాలి. పెద్ద మొత్తంలో కొనడం నిజంగా అవసరమైన సందర్భం ఇదొక్కటే.

*ఇంట్లో మళ్లీ నింపుకోవడం.* రీలోడింగ్ (ఖాళీ షెల్లులో కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టడం) గురించి చాలామందికి గొప్ప ఆశలుంటాయి. 9 ఎంఎం లెక్క వేద్దాం. ఖాళీ షెల్లు మీవే. ప్రైమర్ ఏడు సెంట్లు, మందు మూడు సెంట్లు, గుండు పది సెంట్లు అనుకుంటే ఇరవై అవుతుంది. కొన్న తూటా పాతిక. ఏడాదికి 2,400 కాల్చే మనిషికి మిగిలేది 120 డాలర్లు. పనికొచ్చే ప్రెస్సు, డైలు, త్రాసు కలిపి ఆరేడొందల డాలర్లు. ఐదేళ్లు పడుతుంది, మీ శనివారాలు లెక్కలోకి తీసుకోకుండానే. పోనీ కరువులో ఆదుకుంటుందా అంటే, 2021లో మొదట మాయమైనవాటిలో ప్రైమర్లే ఉన్నాయి. వెయ్యికి 30, 35 డాలర్లున్నవి వంద దాటాయి. 2024లో నైట్రోసెల్యులోజ్ కొరతతో మందు డబ్బాలు కూడా దొరకడం కష్టమైంది. .22ని ఇంట్లో నింపడం మామూలుగా కుదిరే పని కాదు.

అయితే 6.5 క్రీడ్‌మోర్, .308 లాంటి రైఫిల్ తూటాలతో దూరం కాల్చేవాళ్లకి లెక్క పూర్తిగా వేరు. మ్యాచ్ తూటా రౌండు డాలరున్నర, రెండు డాలర్లు ఉన్నచోట సొంతంగా నింపితే దాదాపు సగం. పైగా ఆ రైఫిల్‌కి సరిగ్గా నప్పేలా చేసుకోవచ్చు. వాళ్లు తప్పక నేర్చుకోవాలి, పక్కన అనుభవమున్న మనిషిని కూర్చోబెట్టుకుని, పుస్తకంలో ఉన్న కొలతలు దాటకుండా. చిన్నపిల్లలున్న అపార్ట్‌మెంట్‌లో మాత్రం వద్దంటాను. ప్రైమర్ల దుమ్ములో సీసం ఉంటుంది.

*ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్.* నా మనసుకి దగ్గరైన ఎంపిక ఇది. పెల్లెట్ ఒకటి రెండుమూడు సెంట్లు. ఐదొందల పెల్లెట్ల డబ్బా అరచేతిలో ఇమిడిపోతుంది, నెలలు వస్తుంది. పది మీటర్ల చోటు, వెనక గట్టి పెల్లెట్ ట్రాప్, కళ్లద్దాలు ఉంటే గ్యారేజ్‌లోనే కాల్చుకోవచ్చు. ఒక్కో పెల్లెట్‌ని వేళ్లతో తీసి, అంచు నొక్కుకుపోయిందేమో చూసి, బొటనవేలితో లోపలికి నెట్టి, మూసి, ఊపిరి కుదుటపరుచుకుని కాల్చేసరికి నిమిషం గడుస్తుంది. గంటలో అరవై షాట్లకి మించి కాల్చలేరు. ఆ నిదానమే గురి నేర్పుతుంది. పైగా పెల్లెట్ గొట్టం దాటడానికి తూటా కంటే ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆ క్షణంలో చేయి కదిలితే కాగితం మీద తెలిసిపోతుంది.

మన ఊళ్లలో షూటింగ్ ఎదిగింది కూడా ఈ దారిలోనే. ఇండియాలో .22 తూటాలు లైసెన్సు, కోటా, దిగుమతి అన్నీ దాటి రావాలి, సామాన్యుడికి అందేవి కావు. అందుకే పిల్లలు పది మీటర్ల ఎయిర్ విభాగంతో మొదలుపెడతారు. హైదరాబాద్‌కి చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఈషా సింగ్ 13 ఏళ్లకే 2018లో ఎయిర్ పిస్టల్ జాతీయ టైటిల్ గెలిచి, తర్వాత 25 మీటర్ల పిస్టల్‌లోకి వెళ్లి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది. తూటాలు లేకపోతే సాధన ఆగిపోతుందనుకునేవాళ్లకి వీళ్లని చూపిస్తాను.

*డ్రై ఫైర్.* తూటా లేకుండా గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం. ఖర్చు సున్నా. ఒలింపిక్ షూటర్ల సాధనలో పెద్ద భాగం ఇదే. రోజూ పది నిమిషాలు చాలు, కానీ నియమం తప్పకూడదు. తూటాలు వేరే గదిలో పెట్టి తలుపు మూయండి. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. గురి పెట్టే గోడ అవతల పడకగది ఉండకూడదు. మధ్యలో ఫోన్ వచ్చి లేచి వెళ్తే తిరిగొచ్చాక మొదటి నుంచి అంతా మళ్లీ చూసుకోండి. .22లో చాలా పాత తుపాకులని ఖాళీగా కొడితే పిన్ను ఛాంబర్ అంచుకి తగిలి దెబ్బతింటుంది, మాన్యువల్ చదివి అవసరమైతే స్నాప్ క్యాప్ (మందు లేని డమ్మీ తూటా) వాడండి.

డ్రై ఫైర్ నేర్పలేనిది దెబ్బని తట్టుకోవడం. దానికి రేంజ్‌లో ఒక కిటుకు ఉంది. స్నేహితుణ్ణి మీ మ్యాగజైన్ నింపమనండి, మధ్యలో ఎక్కడో రెండు డమ్మీ రౌండ్లు కలపమనండి. డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ పేలదు, కానీ ముందే ఉలిక్కిపడిన మీ చేతిలో గొట్టం కిందికి వంగడం కళ్లారా కనిపిస్తుంది. యాభై రౌండ్లతో నూరు రౌండ్ల పాఠం వస్తుంది. కరువు రోజుల్లో దీన్ని మించిన పొదుపు లేదు.

ఎవరికి ఏది

వీసా మీదున్నవాళ్లు ఎయిర్ గన్‌తో మొదలుపెట్టండి, గ్రీన్‌కార్డు వచ్చేసరికి చేయి కుదురుతుంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్లేవాళ్లకి నిల్వ అక్కర్లేదు, కరువులో ఆ ఏడాది ఒకసారి తక్కువ వెళ్తే సరి. ప్రతి నెలా వెళ్లేవాళ్లకి ఆరు నెలల నిల్వ, ఒక .22, ఇంట్లో డ్రై ఫైర్. పిల్లలకి నేర్పాలనుకునేవాళ్లు ఎయిర్ రైఫిల్ కొని దగ్గర కూర్చుని నేర్పండి, తర్వాత .22. పోటీల్లో దూరం కాల్చేవాళ్లు రీలోడింగ్ నేర్చుకుని, ప్రైమర్లు మాత్రం మామూలు ధర ఉన్నప్పుడే కొని ఉంచుకోండి.

కరువు మొదలైందని తెలియగానే మొదటి వారంలో ఏమీ కొనకండి. మీ దగ్గరున్నవి లెక్కపెట్టి, నెలవారీ వాడకం సగానికి కోసి, ఎన్ని నెలలు వస్తాయో రాసుకోండి. చాలామందికి ఆ సంఖ్య అనుకున్నదానికంటే పెద్దదే వస్తుంది. ఆ కాగితం చూశాక దుకాణం వైపు కాలు కదలదు.

దాచడం, తీసుకెళ్లడం

పొడిగా, చల్లగా ఉన్నచోట తూటాలు దశాబ్దాలు ఉంటాయి. వేడికంటే తేమ ఎక్కువ శత్రువు. టెక్సస్ వేసవిలో గ్యారేజ్‌లో, కారు డిక్కీలో నెలల తరబడి ఉంచకండి. ఇంటి లోపలి అలమరలో, రబ్బరు అంచున్న ఇనుప డబ్బాలో, సిలికా జెల్ పొట్లం వేసి, తాళం వేసి పెట్టండి. బాక్సు మీద కొన్న నెల, ఏడాది మార్కర్‌తో రాసి, పాతవి ముందు కాల్చండి. తూటాలని వాటి బాక్సుల్లోనే ఉంచండి, విడిగా పోస్తే .380ని 9 ఎంఎం అనుకునే పొరపాటు జరుగుతుంది. నింపుకునేవాళ్లు మందు, ప్రైమర్లు అవి వచ్చిన డబ్బాల్లోనే ఉంచాలి, ఇంట్లో ఎంతవరకు పెట్టుకోవచ్చో మీ ఊరి ఫైర్ కోడ్‌లో ఉంటుంది. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని పిల్లల్ని ఎత్తుకోండి.

చివరిది ఇండియా ప్రయాణం. రేంజ్‌కి వాడే సంచిని ఎప్పుడూ, ఏ అవసరానికీ విమాన ప్రయాణానికి వాడకండి. తూటా చిన్నది, సంచి అడుగు కుట్టులో, పక్క జేబు మడతలో ఇరుక్కుంటే చేతికి తగలదు, స్కానర్‌కి మాత్రం దొరుకుతుంది. ఇండియాలో లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, శంషాబాద్ అయినా ఢిల్లీ అయినా. తెలియక వచ్చిందని తర్వాత కోర్టులో నిరూపించుకోవచ్చు, కానీ అప్పటిదాకా పాస్‌పోర్టు, సెలవులు, పెళ్లి ముహూర్తం అన్నీ ఆగిపోతాయి. రేంజ్ సంచికి రంగు రిబ్బన్ కట్టి, సూట్‌కేసులున్న గదిలో కాకుండా తుపాకీ అలమరలోనే ఉంచండి. ఆ సంచిలో ఒకసారైనా పెట్టిన జాకెట్ వేసుకుని విమానం ఎక్కాల్సి వస్తే, ముందురోజు దాని జేబులన్నీ వెలుతుర్లో బయటికి తిప్పి చూడండి.